పేరును విరిచిన మాట: ఎలెన్ డీజెనరస్ ప్రకటనకు వచ్చిన ప్రతిస్పందనలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

పేరుపొందిన నటీనటులలో ఒకరు తాము స్వలింగ ప్రేమికులమని బహిరంగంగా చెప్పినప్పుడు ప్రజలలో లేచే చర్చ ఆ వ్యక్తిని గూర్చినదిగా కనబడుతుంది. అయితే అది చర్చిస్తున్నవారిని గూర్చి కూడా సాక్ష్యమిస్తుంది. 1997లో అమెరికా హాస్యనటి ఎలెన్ డీజెనరస్ చేసిన ప్రకటనకు వచ్చిన ప్రతిస్పందనలను, విశేషంగా క్రైస్తవ నాయకుల ప్రతిస్పందనలను, ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వలింగ సంబంధాలను గూర్చిన లేఖన భాగాల వ్యాఖ్యానం ఇక్కడ విషయం కాదు. ఆ వ్యాఖ్యానంలో ఏ పక్షాన నిలిచినవారైనా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటుంది: ఒక మనిషి తనను గూర్చి నిజం చెప్పినప్పుడు సంఘం నోట ఎలాంటి మాట రావాలి?

1. జరిగిన సంగతి

1958లో లూయిజియానా రాష్ట్రంలో జన్మించిన ఎలెన్, క్రిస్టియన్ సైన్స్ మతశాఖకు చెందిన కుటుంబంలో పెరిగారు. ఇరవయ్యేళ్ల వయసులో తల్లి బెట్టీకి ఈ సంగతి చెప్పారు. ప్రజల ముందు చెప్పడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1997 ఏప్రిల్‌లో టైమ్ వారపత్రిక ముఖచిత్రంపై ఆమె ఫోటోతోపాటు ఆ మాట అచ్చయింది. ఏప్రిల్ 30న ఏ.బి.సి. ఛానెల్‌లో ఆమె ధారావాహిక 'ఎలెన్'లోని కథానాయిక కూడా అదే మాట చెప్పింది. ఆ భాగాన్ని సుమారు 4 కోట్ల 20 లక్షల మంది చూశారు.

2. వ్యాపారులు, ప్రసారకులు, సంఘాలు

క్రైస్లర్, జె.సి. పెన్నీ వంటి కంపెనీలు ఆ భాగానికి ప్రకటనలు ఇవ్వలేదు. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని స్థానిక కేంద్రం దానిని ప్రసారం చేయడానికి నిరాకరించింది. అక్కడివారు నగరంలోని ఒక పెద్ద సభాభవనంలో ఉపగ్రహ ప్రసారం ఏర్పాటు చేసుకొని చూశారు. అందులో అతిథి పాత్ర వేసిన నటి లారా డెర్న్, ఆ తరువాత ఏడాదికి పైగా తనకు పని దొరకలేదని చెప్పారు. ఒకరిపై వచ్చిన ఆగ్రహం పక్కన నిలిచినవారి మీద కూడా పడిందన్నమాట. 1998లో ధారావాహిక ఆగిపోయింది.

ఏ.బి.సి. ఛానెల్ డిస్నీ సంస్థకు చెందినది. 1997 జూన్‌లో డల్లాస్‌లో సమావేశమైన సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్, డిస్నీని బహిష్కరించాలని సభ్యులకు పిలుపునిచ్చింది. స్వలింగ భాగస్వాములున్న ఉద్యోగులకు ఆరోగ్య సదుపాయాలు ఇవ్వడం వంటి ఇతర కారణాలతోపాటు ఈ ధారావాహిక కూడా ఆనాటి వాదనలలో చోటుచేసుకుంది. 2005లో కన్వెన్షన్ ఆ బహిష్కరణను విరమించుకుంది. ఆ ఎనిమిదేళ్లలో డిస్నీ ఆ సదుపాయాలను మాత్రం ఎత్తివేయలేదు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక భేదం గమనించాలి. తెలుగు బాప్టిస్టు సంఘాలకు మూలమైన అమెరికన్ బాప్టిస్టు మిషను వేరు, 1845లో విడిపోయిన సదరన్ కన్వెన్షన్ వేరు.

మనస్సాక్షి ఒప్పుకోని సరుకును కొనకపోవడం విశ్వాసి హక్కే. దానిని తప్పు పట్టనక్కరలేదు. కాని కొనుగోలుదారునిగా సంఘం చెప్పిన మాట కంపెనీకి చేరింది. కాపరిగా ఆ మనిషికి చెప్పవలసిన మాట ఏమైనట్టు?

3. బోధకుని మాట, బడిపిల్లల మాట

ఈ ప్రశ్నకు అత్యంత ప్రసిద్ధమైన జవాబు బోధకుడు జెర్రీ ఫాల్వెల్ ఇచ్చారు. ఆయన డీజెనరస్ అనే ఇంటిపేరును విరిచి 'డీజెనరేట్' అన్నారు. భ్రష్టురాలు అని దాని భావం. ఆ సంగతి అడిగినప్పుడు ఎలెన్ కోపగించుకోలేదు. నాలుగో తరగతి నుండీ ఆ మాట వింటూనే ఉన్నానని నవ్వి ఊరుకున్నారు.

ఆ జవాబులోని విమర్శ ఫాల్వెల్ విరోధులు రాసిన అనేక వ్యాసాలకంటె లోతైనది. వేల మందికి వాక్యం బోధించే వ్యక్తి, కోట్ల మంది వింటున్న గడియలో, బడి ఆవరణలో పిల్లలు చేసే ఎగతాళికి మించిన మాట వెదకుకోలేదు. ఆయన మాటలో లేఖనమూ లేదు, పశ్చాత్తాపానికి పిలుపూ లేదు. పాపాన్ని ఖండించడం ఆయన ఉద్దేశమే అనుకున్నా, ఖండన నడతను తాకాలి. ఇక్కడ దెబ్బ తగిలింది తండ్రి ఇచ్చిన పేరుకు.

సహోదరుని అవమానించే మాటను మత్తయి 5:22లో ప్రభువు నరహత్య చర్చలోనే చేర్చాడు. దేవుని పోలికె చొప్పున పుట్టిన మనుష్యులను శపించే నాలుకను గూర్చి యాకోబు 3:9 హెచ్చరిస్తుంది. ఈ రెండు భాగాలలోనూ ఎదుటివాని యోగ్యతను బట్టి మినహాయింపు లేదు.

ఫాల్వెల్ విషయంలో న్యాయంగా చెప్పవలసినది మరొకటుంది. 1999 అక్టోబరులో ఆయన, ఒకప్పుడు తన ఆత్మకథ రచనలో సహకరించిన మెల్ వైట్‌ను, ఆయనతో వచ్చిన సుమారు 200 మందిని లించ్‌బర్గ్‌లో కలుసుకున్నారు. సిద్ధాంతం మార్చుకోకుండానే, మాట తీవ్రతను తగ్గించుకుంటానన్నారు. కాని 2001 సెప్టెంబరు దాడుల తరువాత, ఆ విపత్తుకు కారకులంటూ ఆయన పేర్కొన్నవారిలో స్వలింగ ప్రేమికులను మళ్లీ చేర్చారు, పిదప క్షమాపణ చెప్పారు. నాలుకకు అలవాటైన దారి ఒక సమావేశంతో మారదు.

4. నడతపై విమర్శ, ఉనికిపై ఎగతాళి

ఎలెన్‌ను విమర్శకు అతీతురాలిగా నిలబెట్టనక్కరలేదు. 2003 నుండి 2022 వరకు ఆమె నడిపిన కార్యక్రమంలోని పని వాతావరణంపై 2020లో ఉద్యోగులు ఫిర్యాదులు చేశారు. ఆమె ప్రసారంలోనే క్షమాపణ చెప్పారు. అక్కడ ఆరోపణ ఉంది, విచారణ ఉంది, జవాబుదారీతనం ఉంది. 1997లో వచ్చిన వెక్కిరింతలో ఇవేవీ లేవు. ఈ భేదం తెలియని సంఘం నిజమైన తప్పిదాన్ని ఖండించే శక్తిని కూడా పోగొట్టుకుంటుంది.

లూకా 19లో జనసమూహం జక్కయ్యకు పాపి అని పేరు పెట్టి సణిగింది. యేసు అతణ్ణి తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచి, అతని ఇంటికి వెళ్లాడు. అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న మాట జక్కయ్య నోట వచ్చింది ఆ పిలుపు తరువాతనే. మారుమనస్సును కోరేవారైనా ఈ వరుసను గమనించాలి.

5. మన సంఘాలకు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. చట్టం మారినా మన ప్రసంగ వేదికలపై, యవ్వనస్థుల కూడికలలో ఈ విషయం తరచుగా నవ్వు పుట్టించే పిట్టకథగానే వస్తున్నది. ప్రసంగీకుని మాటకు నవ్వుతున్నవారి మధ్య, తల వంచుకొని కూర్చున్న యువకుడో యువతియో ఉండవచ్చును. తన సంగతి ఎవరితో చెప్పుకోకూడదో ఆ క్షణంలో వారు నేర్చుకుంటారు. ఆ తరువాత మనం వారికి చెప్పదలచిన సిద్ధాంతం ఎంత నిర్దుష్టమైనదైనా, దానిని వినడానికి వారు మన యొద్దకు రారు.