మూడు వాల్వుల గిటారు ఆంప్లిఫైయరు: గుణదోషములు

పాత రేడియో భాగములతో తొలి గిటారు ఆంప్లిఫైయరు కట్టదలచినవారికి తరచుగా చూపు నమూనా, అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950 దశాబ్దములో రూపొందించిన 'ఛాంప్' 5ఎఫ్1. గిటారు సంకేతమును పెంచుటకు 12ఏఎక్స్7, స్పీకరును నడుపుటకు 6వి6, ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చుటకు 5వై3: ఒక్కొక్క వాల్వుకు ఒక్కొక్క పని. శక్తి సుమారు 5 వాట్లు. పాఠముగా ఇంతకంటె స్పష్టమైన వలయము అరుదు.

కాని ఏ పాత భాగమును నమ్మవచ్చునో వలయచిత్రము చెప్పదు. ట్రాన్స్‌ఫార్మర్లను, సాకెట్లను పరీక్షించి వాడవచ్చును. పాత కాగితపు కండెన్సర్లను మాత్రము పారవేయవలెను. వాటిలో ఒకటి లీకైనచో 6వి6 గ్రిడ్డుపైకి ధన వోల్టేజి చేరి వాల్వు పాడగును.

అంతకంటె పెద్ద ముప్పు ట్రాన్స్‌ఫార్మరు లేని ఏ.సి./డి.సి. రేడియోలది. వాటి చాసీ నేరుగా మెయిన్సుకే కలిసియుండవచ్చును. గిటారు తీగలు కలియునది ఆ చాసీకే! ఇక వాయించువాని ప్రాణము మాటేమి? ఛాంప్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మరు చాసీని మెయిన్సునుండి వేరుచేయుచున్నది. ఈ వలయమునకు అసలు గుణము అదియే. పొదుపు కొరకు దేనిని వదలినను దానిని వదలరాదు. చాసీకి ఎర్తు తీగ కలుపుటయు మరువరాదు.

స్విచ్చి ఆపిన పిదపకూడ కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. కనుక ఉపాధ్యాయుడు దగ్గర లేనిదే విద్యార్థి లోపల చేయి పెట్టరాదు.