దేవిడీకీ లోగిలికీ మధ్య మిద్దె

తెలుగులో పాత ఇల్లు అనగానే మండువా లోగిలి. ఉర్దూలో పాత ఇల్లు అనగానే దేవిడీ. ఈ రెండు భాషల్లో చదువుకుని, రెండు భాషల్లో రాసి పొట్టపోసుకుంటున్న మాకు ఈ రెండిళ్ళూ పరాయివే. మేం పుట్టి పెరిగిన ఇళ్ళు ఏ కోవకీ రావు. మార్కాపురం, కంభం, గిద్దలూరు సందుల్లో ఒకదాని గోడకు ఒకటి ఆనుకుని నిలబడ్డ మట్టి మిద్దెలకు తెలుగు సాహిత్యంలో చోటు లేదు, ఉర్దూ అదబ్‌లో జగా లేదు, సర్కారు జాబితాలో నంబరు లేదు. గత ముప్ఫై ఏళ్ళుగా 'వారసత్వ సంపద' పేరుతో సాగుతున్న చర్చనంతా మేం ఈ మిద్దె మీద నిలబడి చూడదలిచాం.

ముందు లోగిలి సంగతి. కోస్తా రచయితలకు, వాళ్ళ వెనకాలే సినిమావాళ్ళకు, మండువా లోగిలి అంటే ఒక పోగొట్టుకున్న స్వర్గం. నాలుగు వైపులా వసారాలు, నడుమ వాన పడే చోటు, ఊయల బల్ల, వీధి అరుగు. ఆ అరుగు దగ్గర ఎవరు ఆగిపోవాలో, ఎవరు లోపలికి రావచ్చో, దొడ్డివాకిలి ఎవరి కోసమో ఆ జ్ఞాపకాల్లో కనిపించదు. దళిత రచయితలు ఈ ప్రశ్న ఎప్పుడో వేశారు. దానికి మాదొక చిన్న అనుబంధం. ఆ కథల్లోకి సాయిబు జట్కా తోలుకుంటూ వస్తాడు, సవారీని దింపుతాడు, సలాం చేసి పోతాడు. లేదంటే అత్తరు పెట్టెతో వస్తాడు. బండి విప్పి గుర్రానికి దాణా పెట్టాక ఆ మనిషి ఏ గుమ్మంలోకి వంగి వెళ్ళాడో రాసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మా వాళ్ళు కలం పట్టాకే ఆ గుమ్మాలు కనపడ్డాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు తన పుస్తకానికి 'దర్గామిట్ట కతలు' అని పేరు పెట్టినప్పుడు నెల్లూరులోని ఒక పేట పేరు తెలుగు కథకు శీర్షికైంది. ఆ పేరు పెట్టడమే ఒక పని అని మేం అనుకుంటాం.

దేవిడీ సంగతి ఇంకా చిక్కు, ఎందుకంటే అది మాదే అని అందరూ అంటారు. హైదరాబాద్ పాతబస్తీలోని ఎత్తైన కమాన్లు, దీవాన్‌ఖానాలు, జనానాలు. సాలార్‌జంగుల దీవాన్ దేవిడీలోనే 1951లో మ్యూజియం మొదలైంది. 1968లో ఆ మ్యూజియం కొత్త భవనానికి పోయింది, దేవిడీ దుకాణాల పాలైంది. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్ రక్షిత జాబితాలో ఉండి కూడా 2000లో నేలకూలింది. మాల్వాలా వారు కాయస్థులని ఇక్కడ గుర్తు చెయ్యాలి. దేవిడీ అంటే తురకల ఇల్లని తేల్చేసేవాళ్ళూ, దేవిడీ తమదేనని మురిసిపోయే మావాళ్ళూ ఇద్దరూ ఈ సంగతి మరిచిపోతారు. అది ఒక మతం ఇల్లు కాదు, ఒక వర్గం ఇల్లు.

1995లో హుడా నియమాల్లో 13వ నియమం చేరింది. పాత కట్టడాలను కూల్చాలంటే అనుమతి కావాలన్నారు. 2015 చివర్లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, 2017లో వారసత్వ చట్టం తెచ్చింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ కూల్చాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, పౌరులు కోర్టుకెళ్ళారు. ఆ సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మేం సంతోషించాం, ఆ సంతోషంలో అబద్ధం లేదు. కానీ నిలబడింది ఏమిటి? నవాబ్ ఫఖ్రుల్‌ముల్క్ కట్టించుకున్న మహల్. ఆ మహల్‌కు సున్నం కలిపినవాళ్ళ, పంఖా లాగినవాళ్ళ బస్తీ ఎక్కడుందని ఏ పిటిషనూ అడగలేదు, అడగడానికి జాబితాలో ఆ గడే లేదు.

ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం పాతబస్తీలో ఇళ్ళు తీసుకుంటున్నారు. గజానికి 81 వేలని 2025లో ధర కట్టారు. రైలు వద్దని మేం అనడం లేదు. పాతబస్తీకి అన్నీ ఆలస్యంగానే వచ్చాయి, రైలైనా రానివ్వండి. అయితే గజాల లెక్కలో గోడకు ధర పడుతుంది. పక్కింటి దాలాన్‌లోంచి నడిచి బావిదాకా వెళ్ళే దారికి ధర ఎలా కడతారు? పైమిద్దెలో జరీ కుట్టే ఆడపిల్ల బయటికి రాకుండానే బేరం కుదిరే ఏర్పాటుకు ఏ గజంబద్ద సరిపోతుంది?

ఇంత చేసినా హైదరాబాదుకు కనీసం పుస్తకాలున్నాయి. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ దక్కన్ కట్టడాల మీద గ్రంథం రాశారు, దాని ఇంగ్లీషు ప్రతి 1927లోనే వచ్చింది. మసీదు, దర్గా, శాసనం, కమాన్ అన్నీ వరసగా అందులో ఉన్నాయి. మా వైపుకు వచ్చేసరికి దొరికేది 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్. నరహరి గోపాలకృష్ణమసెట్టి ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకం శిస్తు కోసం రాసిన పుస్తకం. మా తాలూకాలు ఎన్ని చేతులు మారాయో చూడండి. 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలాల్లో కంభం సీమ ఉంది. మొదట కడపలో ఉంచారు. 1858లో కర్నూలులో కలిపారు. 1970లో ఒంగోలు జిల్లాలోకి తెచ్చారు. రెండేళ్ళకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2025 చివర మార్కాపురమే ఒక జిల్లా అయింది. జిల్లా మారిన ప్రతిసారీ కాగితాలు బండెక్కాయి. ఒక ఇంటి పుట్టుక వెతకాలంటే నాలుగు ఊళ్ళ రికార్డు గదులు తిరగాలి. ఇక మావి పెద్దల ఇళ్ళు కావు, పట్టా ఉన్నవే తక్కువ.

ఆ ఇళ్ళ గురించి కొంచెం చెప్పాలి, చెప్పినవాళ్ళు లేరు గనక. గోడలు రాయీ మట్టీ. పైన దూలాలు, దంతెలు, వాటిమీద కంప పరిచి మట్టి, అన్నింటికీ పైన చౌడుమట్టి. ఈ చౌడు తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. కానీ ఏటా తొలకరికి ముందు కొత్త మట్టి పోసి దిమ్మిస చెయ్యాలి, లేకపోతే ఆ ఏడే కారుతుంది. అది ఒక్క ఇంటి వల్ల అయ్యే పని కాదు. మిద్దెలు కలిసే ఉంటాయి, ఒకరు మట్టి పోయకపోతే పక్కింటి గోడ నాని కూలుతుంది. కాబట్టి మహల్లా అంతా ఒకే వారంలో మట్టి మొయ్యాలి. ఆడవాళ్ళు బజారుకు రాకుండా మిద్దెలమీదుగానే ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేవాళ్ళు. పర్దా ఉన్న ఆడవాళ్ళకు మిద్దె పైభాగమే వీధి. దూదేకులవాళ్ళ ఇంట్లో విల్లు వేలాడదీసిన దూలం ఉండేది. లోపలి ఖాళీని ఆంగన్ అన్నాం, బయటి అరుగును అరుగనే అన్నాం. మా భాష ఎక్కడ ఉర్దూ, ఎక్కడ తెలుగో ఈ ఇంటి గుమ్మమే చెబుతుంది. మహల్లా దాటితే పీర్లచావిడి. చాలా ఊళ్ళలో అది తురకల వీధిలో కాదు, ఊరి నడిబొడ్డున ఉంటుంది. పీర్లనెత్తేవాళ్ళలో, గుండం తవ్వేవాళ్ళలో సగంమంది ముస్లింలు కారు.

ఇవి ఎందుకు కూలుతున్నాయి? హైదరాబాదులో ఇల్లు బుల్‌డోజరుతో కూలుతుంది. మా వైపు కరువుతో కూలుతుంది. కూలికి హైదరాబాదో, గుంటూరో, బెంగుళూరో పోయినవాడు తొలకరికి మట్టి పోయడానికి తిరిగి రాడు. రెండు వానాకాలాలు చాలు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, ఆ నీళ్ళొస్తే వలస ఆగుతుందన్నారు. ఆ నీళ్ళు నిలవాలంటే కొండల నడుమ ఉన్న ఊళ్ళు మునగాలి. ఒకరి మిద్దె నిలవడానికి ఇంకొకరి మిద్దె నీళ్ళపాలు కావాలనే ఈ లెక్కలో ముంపు ఊళ్ళ ఇళ్ళ బొమ్మలైనా గీసి పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఈ నేల పలకరాయి దేశమంతటి బడులకు పోయింది. ఆ పలకలు కోసిన పిల్లలు బడికి పోలేదు. 1988లో కేంద్రం బాలకార్మికుల పథకం మొదలెట్టినప్పుడు తొలి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమ పేరుందంటే అర్థం చేసుకోవచ్చు. ఆ పలకల కొట్టాలు కూడా వారసత్వమేనా? మేం అవుననే అంటాం. కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు ఇచ్చింది, మంచిదే. కట్టించిన రాణి పేరు అందరికీ తెలుసు.

కూల్చేది బయటివాళ్ళే అని చెప్పి మేం చేతులు దులుపుకోలేం. గల్ఫు డబ్బు వచ్చిన ప్రతి ఇంట్లో ముందు పోయింది మిద్దె. ఎండాకాలం చల్లగా ఉన్న ఇంటిని తీసి, కాలే స్లాబు వేసి, దానికి కమాన్ల బొమ్మలు అతికించి 'ఇస్లామీ' అంటున్నాం. సున్నపు మసీదులు మూడు వరసల నమాజుకు సరిపోయేవి. వాటిని పడగొట్టి సిమెంటు మీనార్లు లేపింది మా కమిటీలే. పీర్లచావిడి బిద్‌అత్ అని, అది మనది కాదని చెబుతున్నది మా మౌల్వీలే. జనం పెరిగారు, స్థలం కావాలి, ఒప్పుకుంటాం. అయితే కూల్చే ముందు ఒక ఫోటో తీయించాలని, దర్వాజా మీది రాతను నకలు చేసుకోవాలని కూడా అనిపించకపోవడం స్థలం లేక జరిగింది కాదు.

దీని ఫలితం ఇప్పుడు తెలుస్తోంది. 1992 డిసెంబర్ 6 తర్వాత 'పాత కట్టడం' మాకు మామూలు మాట కాదు. పాతదని చెబితే దాని కింద ఏముందని తవ్వుతామంటారు. కొత్తదని చెబితే మీరెప్పుడొచ్చారని అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం 'వాడుక వల్ల వక్ఫ్' అనే మాటను ఇకముందుకు తీసేసింది. అంతకుముందే రిజిస్టరైనవి, వివాదం గానీ ప్రభుత్వ భూమి అన్న మాట గానీ లేనివి నిలుస్తాయంది. ఆ సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను నిలిపింది గానీ ఈ తొలగింపు జోలికి పోలేదు. ఊళ్ళో అందరూ వాడుకున్నందువల్ల మాత్రమే నిలిచిన పీర్లచావిడికి, కాగితమంటే ఏమిటో తెలియని ఖబరస్తాన్‌కు దీని అర్థం ఏమిటో వేరే చెప్పాలా? మా సెక్యులర్ మిత్రులు గజల్ వింటారు, హలీం తింటారు, గంగా జమునా తెహజీబ్ అంటారు. ఆ తెహజీబ్ నిలబడ్డ పీర్లచావిడి ఏ సర్వే నంబరులో ఉందో తెలుసుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరు?

అహ్మదాబాదును చూపించి ఇలా చెయ్యొచ్చుగా అంటున్నారు. చూడదగ్గదే. 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది, మన దేశంలో మొదటిది. అక్కడ జాబితాలో మహళ్ళే కాదు, పోళ్ళలోని మామూలు ఇళ్ళు రెండు వేలకు పైగా ఉన్నాయి. ఇంటాయన తన పాత ఇంటిమీద కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట కట్టే బిల్డరుకు అమ్ముకుని ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. మార్కాపురానికి ఇది పనికొచ్చే ఏర్పాటే. అయితే అదే నగరంలో అల్లర్లు జరిగిన ప్రతిసారీ ముస్లింలు పాత కోట వదిలి జుహాపురాకు చేరారు. చెక్కిన దూలం జాబితాలో మిగిలింది. దాని కింద పడుకున్న మనిషి మిగలలేదు. మనిషిని నిలబెట్టలేని జాబితా మ్యూజియం అవుతుంది, మహల్లా కాదు.

మార్కాపురం ఇప్పుడు జిల్లా కేంద్రం. కలెక్టరేటు వస్తుంది, రోడ్లు వెడల్పవుతాయి, గజం ధర పెరుగుతుంది, మాస్టర్‌ప్లాన్ వేస్తారు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువులోపు ప్రతి మహల్లా నుంచీ ఒక కాగితం వెళ్ళాలి. ఏ మిద్దె ఎవరిది, ఎంత పాతది, పీర్లచావిడి ఎక్కడ, ఖబరస్తాన్ హద్దులేమిటి, బావికి వెళ్ళే దారి ఏది అన్నది అందులో గీసి ఉండాలి. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. రాయడానికి మేమున్నాం. కొలవడానికి పాలిటెక్నిక్ చదివే పిల్లలు కావాలి, చెప్పడానికి మిద్దెలమీద నడిచిన ఆడవాళ్ళు కావాలి. వాళ్ళలో చాలామందికి ఇప్పటికే డెబ్బై దాటింది.