బాలాపూరు వేలంపాట: ప్రసాదవిక్రయ విచారము

వేలమున కెక్కిన లడ్డు ప్రసాదమగునా యను ప్రశ్న ఏటేట భాద్రపద శుద్ధ చతుర్దశినాడు పండితగోష్ఠులలో పొడసూపుచున్నది. ఆసియాఖండపు సంస్కృతులను అంగడి మ్రింగివేయుచున్నదని వ్రాయువారు కొందరు హైదరాబాదు శివారులోని బాలాపూరు గణపతి లడ్డును గూడ ఆ పట్టికలో చేర్చుచున్నారు. ఈ చేర్పు తొందరపాటని నా యభిప్రాయము. అట్లని బాలాపూరు నిర్దోషమనియు జెప్పజాలను, దోషమున్నచోటు వేరు.

మొదట పదములను పరిశీలింతము. 'వేలము' అచ్చతెలుగువలె వినవచ్చును గాని కాదు. పోర్చుగీసువారి 'లెయిలావ్' దీనికి మాతృక యని నిఘంటుకారుల మతము. హిందీ 'నీలామ్', మరాఠీ 'లిలావ్', అరవము 'ఏలమ్' దీని తోబుట్టువులు. ఆ పోర్చుగీసు పదమునకును మూలము, చాటించుట యను నర్థముగల అరబ్బీ శబ్దమట. దానికి మనవారు 'పాట'ను జోడించుకొనిరి. ధరను గొంతెత్తి పలుకుటచే నది పాటయైనది. (నాబోటివారికి గొంతును లేదు, ధనమును లేదు.) ఇక ప్రసాదశబ్దమునకు నైర్మల్యము, అనుగ్రహము మొదటి యర్థములు, అనుగ్రహసూచకముగా నిచ్చు వస్తువనునది పిమ్మటిది. ఇచ్చునది ప్రసాదము, చాటి యమ్మునది వేలము. ఈ రెండును ఒకచోట నిముడునా?

బాలాపూరులో గణేశోత్సవము 1980లో మొదలైనది. స్వామిచేతి లడ్డును 1994లో తొలిసారి పాటకు పెట్టగా 450 రూపాయలు పలికినది. పాటకాడు దానిని తనవారికి పంచి, మిగిలినది పొలమున చల్లగా పంట బాగుగ పండెనని గ్రామస్థులు చెప్పుకొందురు. మరుసటియేట ధర 4,500 అయినది. ఇరువదియొక్క కిలోల ఆ లడ్డు 2023లో 27 లక్షలు, 2024లో 30 లక్షల వేయి, 2025లో 35 లక్షల రూపాయలు పలికినది. ఊరేగింపు హుస్సేన్‌సాగరమునకు బయలుదేరకమున్నే బొడ్రాయికడ పాట ముగియును. సొమ్ము గ్రామములోని గుడికి, బడికి, ఇతర సౌకర్యములకు వ్యయమగుచున్నది.

ఇందు గమనింపదగిన దొకటున్నది. అంగడి సరుకునకు మరల నమ్ముడగుట స్వభావము. ఈ లడ్డును కొన్నవాడు లాభమునకు మారువిక్రయము చేయడు. తాను తిని, పదుగురికి పెట్టి, పొలమున చల్లును. కొన్న మరునిమిషముననే యది మరల ప్రసాదమగుచున్నది. 2020లో మహమ్మారి కారణమున పాట జరుగలేదు. లడ్డును నాటి ముఖ్యమంత్రి కందజేసిరి. ధర లేని ఆ యేడును ప్రసాదమునకు కొరత రాలేదు. కాలిఫోర్నియాలోని బీరు తయారీదారు డొకడు వినాయకుని బొమ్మను సీసాపై నచ్చొత్తించిన సంగతి విజ్ఞు లెరిగినదే. అచ్చట రూపము స్వామిది, లాభము బీరు కాచువానిది. కొలుచువారి నడిగినవాడు లేడు. దానిని అపహరణ మనుట న్యాయము. రెంటిని ఒకేగాట గట్టుట విమర్శ గాదు.

మరి దోషమెచ్చట? నా దృష్టిలో నది ధరలో లేదు, ద్వారమున నున్నది. క్రమముగా పాటదారులలో భూవర్తకులును రాజకీయనాయకులును చేరిరి. 2024లో పాటకు నిలుచువారు మునుపటియేటి ధర 27 లక్షలను ముందుగా కట్టవలెనను నియమ మేర్పడినది. పాడి పిమ్మట సొమ్ము చెల్లింపనివారిని వారించుటకు ఇది యక్కరకు వచ్చునని నిర్వాహకు లందురేమో. ఆ మాట కొట్టివేయదగినది గాదు. అయినను చాటింపు అందరికిని, పాట కొందరికిని అయినది. 450 రూపాయలకు పాడిన తొలినాటి రైతు నేడు ఆ వరుసలో నిలువనే లేడు. వేలమన చాటించుట యను మూలార్థము నిచ్చట నేను పట్టుకొని వేలాడుచున్నానని యెవరైన నవ్వవచ్చును. పదము తెచ్చిన ధర్మమును పదమే తప్పినప్పుడు చెప్పకుండుట యెట్లు?

పత్రికలును ఇందుకు తోడైనవి. బండ్లగూడ జాగీరులోని యొక గృహసముదాయమున లడ్డు 2024లో 1 కోటి 87 లక్షలు, 2025లో 2 కోట్ల 32 లక్షలు పలికినదని వ్రాసి, బాలాపూరు వెనుకబడినదని లెక్కవేసినవి. పొలమెవరిది, పంచినదెవరికి, సొమ్ముతో కట్టినదేమి యను మాటలకు ఆ వార్తలలో చోటు తక్కువ. బొడ్రాయికడ గుమిగూడినవారిలో చాలమంది ఇప్పుడు పాట వినుటకే వచ్చుచున్నారు. విత్తనములతో గలిపి చల్లుకొనుటకు చిటికెడు కావలసిన రైతు, పాట నెగ్గినవాడు పంచువరకు కాచుకొని యుండవలసినదే.