కొమ్ము శాఖలు - వేట నియమములు : ఒక విమర్శ

కొమ్మును చూచి జింక వయస్సును చెప్పవచ్చునా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏటేటా లక్షల కొలది జింకల చావు బ్రతుకులు ఈ చిన్న ప్రశ్నపై ఆధారపడి యున్నవి. అక్కడ పలు రాష్ట్రములలో తెల్లతోక మగజింకను వేటాడవలెనన్న, దాని కొమ్మునకు ఇన్ని శాఖలుండవలెననియో, కొమ్ముల నడుమ ఇంత వెడల్పుండవలెననియో నియమము కలదు. దీనిలో శాస్త్రమెంత, అంచనా యెంత అని పరిశీలింతము.

ముందుగా కొమ్మును గూర్చి తెలిసికొనవలెను. మనము కృష్ణజింకకును, దుప్పికిని గూడ కొమ్ములనియే అందుము. కాని యీ రెండును వేరు. కృష్ణజింక కొమ్ము ఎముకపై గట్టి తొడుగు వంటిది. అది రాలదు, శాఖలు వేయదు. దుప్పి, కణుజు, తెల్లతోక జింకల కొమ్ములు పూర్తిగా ఎముకయే. అవి రాలిపోయి మరల మొలచుచుండును. పెరుగునంత కాలము వానిని నూగుచర్మమొకటి కప్పియుండి, తన రక్తనాళములతో పోషించును. కొమ్ము పరిమాణమును నిర్ణయించునవి మూడు : వయస్సు, ఆహారము, వంశలక్షణము. ఏడాదిన్నర ప్రాయమున వచ్చు తొలి కొమ్ములు పుల్లలవలెనో, కొలది శాఖలతోనో యుండును. అయిదారేండ్లకు గాని అవి నిండుగా పెరుగవు. కావున శాఖల సంఖ్య వయస్సునకు సూచన మాత్రమే, కొలబద్ద కాదు.

మరి యీ నియమమెందులకు వచ్చినది? పెన్సిల్వేనియాలో పూర్వము రెండు శాఖలున్న కొమ్ముగాని, మూడంగుళముల పుల్లకొమ్ముగాని యున్నచో జింకను కొట్టవచ్చును. అందుచే మగజింకలలో పెక్కు తొలి కొమ్ములతోనే నేలకొరిగెడివి. 2002 లో గేరీ ఆల్ట్ అను జీవశాస్త్రజ్ఞుని సలహాపై, అధిక భాగమున మూడు శాఖలు, పశ్చిమమున నాలుగు శాఖలు ఒక కొమ్మునకైన నుండవలెనని విధించిరి. రేడియో పట్టీలు కట్టి గమనింపగా, లేత మగజింకలు మునుపటికంటె ఎక్కువగా బ్రతికినట్లు తేలినది. ఇది నిజమైన విజయమే.

ప్రభుత్వ భూములలో ఈ నియమమునకు మరియొక బలము కలదు. సొంత అడవి గలవాడు లేత జింకను విడిచినచో, అది వచ్చు ఏడు తనకే దొరకవచ్చును. లైసెన్సు గల యెవరైనను రాగల ప్రభుత్వ భూమిలో ఒకడు విడిచినదానిని మరొకడు కొట్టును. ఊరి చెరువులో చిన్న చేపను విడిచినవాని గతియు ఇంతే. అందరికి ఒకే కట్టుబాటు లేనిచో నిగ్రహము నష్టముగా మారును. ఇంతవరకు నియమమును సమర్థింపక తప్పదు.

ఇక లోపములు. మిసిసిపీ రాష్ట్రమున 1995 లో మొత్తము నాలుగు శాఖలున్న చాలునని నియమించిరి. సారవంతమైన నేలలలో బాగుగా మేసిన ఏడాదిన్నర జింకకే నాలుగు శాఖలు వచ్చును; అది వేటకు చిక్కును. బక్క కొమ్ములది మిగులును. ఒక పాఠశాలలో అయిదడుగుల యెత్తు దాటినవారందరు పెద్ద తరగతివారని పంపివేసినచో, చిన్న తరగతిలో పొట్టివారే మిగులుదురు గదా! అక్కడి ప్రభుత్వ వేట క్షేత్రములలోని కొలతలు పరిశీలించి, కొన్నిచోట్ల అదే వయస్సు జింకలకు కొమ్ములు తగ్గినవని 2001 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతమాత్రమున వంశమే క్షీణించినదని తొందరపడరాదు. మేలైనవి ముందుగా పోవుటచే మిగిలినవాని సగటు తగ్గుటయు చాలిన కారణమే. 2009 లో ఆ రాష్ట్రము శాఖల లెక్కను విడిచి, కొమ్ముల నడిమి వెడల్పును, పొడవును గ్రహించినది. టెక్సాస్‌లో 2002 లోనే ఆరు కౌంటీలలో పదమూడంగుళముల వెడల్పును పరీక్షించిరి. చెవులు నిక్కించిన జింక చెవి కొనల నడిమి దూరము సుమారు అంతే. కావున దూరమునుండియే పోల్చుకొనవచ్చును. ఇది మెరుగైన కొలత.

రెండవ లోపము నియమమునందు కాదు, దానిపై పెంచుకొన్న ఆశయందు కలదు. జింకల సంఖ్యను నిర్ణయించునవి ఆడజింకలు. ఒక మగజింక పలు ఆడజింకలతో జతకూడగలదు గనుక, కొమ్ముల నియమముచే మంద తగ్గదు; లేతమొక్కలను మేసివేయుటయు ఆగదు. ఆల్ట్ ఈ నియమముతో పాటు ఆడజింకల వేటను గూడ పెంచుట యిందులకే.

మూడవది వ్యాధి. 1967 లో కొలరాడోలో మొదట గమనింపబడిన క్షీణవ్యాధి, ప్రియానులను వికృత ప్రోటీనులచే వచ్చును. దీనికి చికిత్స లేదు. ముదురు మగజింకలలో ఇది ఎక్కువగా కనబడును. ముదురు మగజింకలను పెంచు నియమము ఇచ్చట ఎదురు తిరుగును. 2004 లో నాలుగు శాఖల నియమమును ప్రారంభించిన మిస్సోరీ, వ్యాధి సోకిన కౌంటీలలో తరువాత దానిని ఎత్తివేసినది.

కావున నా అభిప్రాయమిది : నియమము తప్పు కాదు, అన్ని చోట్లకు ఒకే అంకెను అంటగట్టుట తప్పు. ఆయా ప్రాంతపు జింకలను కొలిచి హద్దు నిర్ణయింపవలెను; స్థితి మారినపుడు దానిని మార్చవలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టము జింకల వేటను నిషేధించినది గనుక ఈ నియమముతో మనకు పని లేదు; దానిలోని పాఠముతో పని కలదు. ఉపాధ్యాయులు ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల యెత్తులు కొలిపించి, ఏదేని ఒక హద్దుతో తరగతులను వేరు చేయుమని అడుగవలెను. హద్దును పైకి, క్రిందికి జరిపినపుడు ఎవరు ఎటు తప్పి పోవుచున్నారో విద్యార్థులే పట్టిక వేసి చూతురు. ఆ పట్టికను చూచినవారికి మిసిసిపీలో జరిగినదేమో వేరుగా చెప్పనక్కరలేదు.