నీటిబిడ్డల శిలలు, వినయపు తీర్పు

గర్భవిచ్ఛిత్తి గురించి బౌద్ధం ఏమంటుందన్న చర్చలో విలియం లాఫ్లర్ గ్రంథం 'లిక్విడ్ లైఫ్' (1992) తరచు ప్రస్తావనకు వస్తుంది. పుట్టకుండానే పోయిన శిశువులను జపనీయులు 'మిజుకో', అనగా నీటిబిడ్డలు, అంటారు. వారి పేరిట క్షితిగర్భ బోధిసత్త్వుని చిన్న శిలావిగ్రహాలు నిలిపి 'కుయో' జరుపుతారు. నిషేధానికీ స్వేచ్ఛకూ నడుమ ఒక బౌద్ధ మార్గం ఉన్నదని లాఫ్లర్ ఈ ఆచారం ఆధారంగా ప్రతిపాదించారు. తల్లి దుఃఖానికి చోటివ్వడం ఆ గ్రంథపు విలువ.

అయితే వినయపిటకానికి సమాధానం చెప్పకుండా ఆ మార్గం నిలవదు. మాతృగర్భంలో తొలి చిత్తం ఉదయించినది మొదలు మరణం వరకు ఉన్నది మనుష్య ప్రాణియేనని మూడవ పారాజిక వివరణ చెబుతుంది. అక్కడి ఒక ఉదంతంలో, గర్భిణియైన సవతికి పెట్టేందుకు ఒక స్త్రీ భిక్షువును మందు అడుగుతుంది, ఆయన ఇస్తాడు. శిశువు మరణిస్తే పారాజికం. తల్లి మరణించి శిశువు బ్రతికితే థుల్లచ్చయం మాత్రమే. తల్లి ప్రాణం తక్కువని దీని అర్థం కాదు. సంకల్పం ఎవరిపై గురిపెట్టబడిందో దానినిబట్టి ఆపత్తి నిర్ణయమైంది.

ఇదే ఉదంతాన్ని స్త్రీలను శిక్షించాలనేందుకు ప్రమాణంగా చూపేవారూ పొరబడుతున్నారు. ఇక్కడ విచారణకు నిలిచింది మందిచ్చిన భిక్షువు. వినయం సంఘ నియమావళి, రాజ్యపు శిక్షాస్మృతి కాదు. గృహస్థులకు ప్రథమ శీలం ఉన్నది; అది తమంతట తాము స్వీకరించే శిక్షాపదం.

పురావస్తు పరిశోధకురాలిగా నా ప్రధాన అభ్యంతరం సాక్ష్యానికి సంబంధించినది. విగ్రహం దానం జరిగిందని చెబుతుంది. దాత దుఃఖంతో ఇచ్చిందో, భయంతో ఇచ్చిందో చెప్పదు. 1970ల తరువాత ఈ ఆచారం వ్యాపించడంలో పిండం పగబడుతుందన్న భయప్రచారానికీ, వ్యాపారానికీ ఉన్న పాత్రను హెలెన్ హార్డేకర్ 1997లో వివరించారు. జోదో షిన్షూ శాఖ ఈ కర్మను అంగీకరించలేదు. కనుక శిలల వరుసలను కరుణకు నిదర్శనంగా మాత్రమే లెక్కించలేము.

భిక్షువు మందు ఇవ్వరాదని వినయం స్పష్టంగా చెప్పింది. కానీ గర్భం పోగొట్టుకుని విహారానికి వచ్చిన స్త్రీని భయపెట్టమని చెప్పలేదు. ఆమె మాట ఓపికగా వినడానికి ఏ శిక్షాపదమూ అడ్డురాదు.