ఈఁగబరువు

బాక్సింగుపందెము నెన్నఁడును జూడనివారు సైతము నేఁడు 'హెవీవెయిట్', 'లైట్‌వెయిట్' అను మాటలను ధారాళముగ వాడుచున్నారు. వార్తాపత్రికలలోఁ బలుకుబడిగల నాయకుఁడు హెవీవెయిట్. గ్రంథవిమర్శలలో నూఱుపుటల చిన్న నవల వ్రాసినవాఁడు లైట్‌వెయిట్. బరువైనది గొప్పది, తేలికైనది తక్కువది యను తీర్పు ఈ వాడుకలో దాఁగియున్నది. ఆ మాటలు పుట్టినచోట వాని ప్రయోజన మిందులకుఁ బూర్తిగా విరుద్ధమని మేము తలఁచుచున్నాము.

వినుటకు మిక్కిలి యల్పముగాఁ దోఁచు 'ఫ్లైవెయిట్' అను పేరునే పరిశీలింతము. ఫ్లై యనఁగా నీఁగ. వృత్తిపందెములలో నీ తరగతి పైహద్దు 112 పౌనులు, అనఁగా సుమారు 50.8 కిలోగ్రాములు. 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బువారు తరగతులను స్థిరపఱచినపు డిదియు వానిలోఁ జేరినది. పేరు పెట్టినవారి మనస్సులోఁ గొంత పరిహాస ముండియుండవచ్చును. తరగతి యేర్పడిన కారణము మాత్రము పరిహాసము కాదు. గుద్దునకు దేహపుబరువు తోడగును. ఏఁబది కిలోలవాని నెనుబది కిలోలవాని యెదుట నిలిపినచో వాని నేర్పంతయు నా బరువు క్రింద నణఁగిపోవును. అందుచేత ముందు త్రాసు, పిదపఁ బందెము. సమానులను సమానులతో నిలిపిన తరువాత గెలుపునకు బరువు కారణము కాఁజాలదు. కాలి చుఱుకు, కంటి చూపు, ఊపిరి, ఓర్పు మాత్రమే మిగులును. కావున ఫ్లైవెయిట్ అనునది మనుష్యునకు వెలకట్టు మాట కాదు, బరువును లెక్కలోనుండి తీసివేయు మాట. వేల్సుదేశపు బొగ్గుగనులలోఁ బనిచేసిన జిమ్మీ వైల్డు 1916లో నీ తరగతిలో లోకవిజేత యయ్యెను. అతఁడు తఱచుగా నూఱు పౌనులైనను దూఁగెడివాఁడు కాఁడు.

తరగతి లేకపోవుట యెంత నష్టమో స్త్రీల విషయమునఁ జూడుఁడు. 2012 లండను ఒలింపిక్సులో స్త్రీల బాక్సింగు తొలిసారి ప్రవేశపెట్టఁబడినపుడు పురుషులకుఁ బది తరగతులు, స్త్రీలకు మూఁడే. వానిలోఁ జిన్నది 51 కిలోల ఫ్లైవెయిట్. అంతకుముందు 48 కిలోలకు మించని తరగతులలో నైదుమాఱులు లోకవిజేతయైన మణిపురవనిత మేరీ కోమ్, తనకుఁ దగిన తరగతి లేక పైతరగతికిఁ బోయి, తనకంటె బరువైనవారితోఁ బోరి కాంస్యపతకము దెచ్చెను. మన నిజామాబాదు పడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందు 52 కిలోల ఫ్లైవెయిట్ తరగతిలో లోకవిజేత యయ్యెను. 2024 పారిస్ ఒలింపిక్సులో నా తరగతి లేనందున నామె 50 కిలోలకు దిగవలసివచ్చినది. ఇట్లు దిగుటకై క్రీడాకారులు అన్నపానములు మానుకొనుట యీ యేర్పాటునందలి లోపమే. దానిని మేము దాఁచము.

మన యిండ్లలో సన్నని యాఁడుపిల్లను జూచి 'గాలి వీచిన నెగిరిపోవును, దీనికి ఆటలేమిటి' యనుట పరిపాటి. ఆ పిల్లకుఁ దగిన తరగతి యొకటి యున్నదని చెప్పువా రరుదు. నిఖత్ గెలుపును మెచ్చుకొన్న యిండ్లలోనే యీ మాట మేము వింటిమి.

గ్రంథవిమర్శకులతో మా వివాదమును నిదియే. చిన్నకథను మహాకావ్యము ప్రక్కన నిలిపి 'లైట్‌వెయిట్' అని త్రోసివేయువారు బాక్సింగునుండి మాటను మాత్రము దెచ్చుకొని న్యాయమును అక్కడనే విడిచి వచ్చినారు. క్రిందటి నెల మాకు వచ్చిన యొక విమర్శలో నాలుగుపుటల కథకు 'బరువు చాలదు' అను నొక్క వాక్యమే తీర్పు. ఆ కథలో మనుష్యు లెవరో, వారి కేమి జరిగినదో, ఆ జరిగినది చదువరికిఁ దగిలినదో లేదో, ఒక్క ముక్కయు లేదు. దానిని వ్రాసినవారికే తిరిగి పంపితిమి.