వాచాలుడును వాగ్మియు

మాటలు మిక్కుటముగా నాడువారిని ఆంగ్లేయులు 'లొక్వేషస్' అను విశేషణముతో పేర్కొందురు. మాటాడుట యను అర్థముగల లాటిను క్రియనుండి పుట్టిన యీ పదమున నింద యున్నను తేలికగనే యుండును. మన పెద్దలు ఇంకను నిక్కచ్చిగా విభజించిరి. పాణిని 'వాక్కు' అను నొక్క పదమునుండియే రెండింటిని సాధించెను: చక్కగా మాటాడువాడు వాగ్మి, ఊరక పెక్కు మాటలాడువాడు వాచాలుడు. ఈ రెండవవానినే తెలుగువారు వదరుబోతనిరి.

ఈ భేదము నెరుగగోరువారికి నిఘంటువులకంటె గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' మేలు. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన యీ నాటకమును గ్రంథకర్త 1909లో మిక్కిలి పెంచి తిరుగ ప్రకటించెను. అందలి గిరీశము ఆంగ్లపదములు దొరలించుచు వితంతూద్వాహమును గూర్చి ధారాళముగా ఉపన్యసించును. చేతలందన్ననో, పూటకూళ్లమ్మ సొమ్ము కాజేయును, మధురవాణి నుంచుకొనును. అప్పులవారికి వెఱచి శిష్యుడు వెంకటేశముతో కృష్ణరాయపురాగ్రహారము చేరి, బాలవితంతువగు బుచ్చమ్మకు ఆ యుపన్యాసములనే యెరగా వేయును.

గిరీశము లేనిచో నాటకము చప్పబడునని కొందరందురు. నిజమే. మేమును నవ్వితిమి. కాని మన నవ్వులో ఒక విషయము మరుగుపడుచున్నది. ఇందు మిక్కుటముగా బాధపడువారికి మాటాడు నవకాశమే లేదు. లుబ్ధావధానులకు సుబ్బి నమ్మజూపునపుడు ఆ పిల్ల యిష్టము నడిగినవా రెవ్వరు? తల్లి వెంకమ్మ తన యసమ్మతిని నూతిలో దూకి తెలుపవలసి వచ్చెను.

ఆనంద గజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్ల శుల్కవివాహముల లెక్క తీయించెను. అవి 1034 అనియు, ఆ వధువులలో ఏడాది వయసు శిశువులును గలరనియు తొలికూర్పు ఆంగ్లపీఠిక చెప్పుచున్నది. గిరీశము ఉపన్యాసము లన్నియు కలిసినను ఆ యొక్క యంకెకు తూగవు.

మధురవాణియు మాటకారియే. అయినను ఆమె మాట వెంట కార్యము నడచును. కావున ఆమె వాగ్మిని. తుదకు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నేర్పాటు చేయగా, గిరీశము మాటలన్నియు వ్యర్థములైనవి.

శుల్కము పోయినది, వరకట్నము నిలిచినది. దానిని ఖండించు ఉపన్యాసములకు నేడును కొదువ లేదు. సభలో కరతాళధ్వనుల నందుకొని యింటికి వచ్చిన గృహస్థుడు, వివాహనిశ్చయమునకు ముందు కుమార్తె నొక్క ప్రశ్న యడిగి, ఆమె బదులు చెప్పునంతవరకు మౌనముగా నుండగలడా? ఉండగలిగినచో అతడు వాగ్మి. లేనిచో అతని కే విశేషణము తగునో చదువరులే నిర్ణయింతురుగాక.